ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం కదల్లేదు

మన క్లబ్ పత్రికలో కవితలకూ కథలకూ కొదవ లేదు. ఈసారి ఎడిటర్ అక్క "మీ బ్రాంచి విషయం ఏదన్నా తెలుగులో రాయి, కానీ ల్యాబ్ రికార్డులా ఉంటే వేసుకోను" అని ముందే చెప్పేసింది. ఈసీఈ వాడిని కాబట్టి ఒక లాన్ తీగ గురించి రాస్తున్నా. మూడో సంవత్సరం కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో మనం బట్టీపట్టిన నాలుగైదు ముక్కలు నిజంగా ఒక ఇంట్లో ఎట్లా పనికొచ్చాయో ఇందులో ఉంటుంది.

"నెట్ స్లో" అని ఎవరన్నా అంటే మనకు తెలిసింది దాదాపు సున్నా. కడుపునొప్పి అన్నట్టే అది కూడా. ఎవరికి స్లో? ఇంట్లో అందరికా, ఒక్కరికేనా? డౌన్‌లోడా, అప్‌లోడా? పొద్దస్తమానమా, రాత్రి తొమ్మిదికి మాత్రమేనా? ఈ ప్రశ్నలు అడగకుండా రౌటర్ ఆపి మళ్లీ వేయడం, విండోస్ ఫార్మాట్ కొట్టడం మనవాళ్లకు అలవాటు. ఫార్మాట్ కొడితే బాగయ్యే జబ్బులు ఉన్నాయి, లేకపోలేదు. కానీ ఏ జబ్బో తెలియకుండా కొడితే పోయేది ఫోటోలు.

మాది తుమ్మలపల్లె. కడప జిల్లా, పులివెందుల దగ్గర. యురేనియం గని ఉన్న ఊరంటే బయటివాళ్లకు తొందరగా తెలుస్తుంది. మా అక్క పాపను ఎత్తుకుని ఆరు నెలల కిందట ఇంటికొచ్చింది. ఆమె చేసేది మెడికల్ కోడింగ్. ఇంటినుంచే పని చేసుకోవచ్చని కంపెనీ ఒప్పుకుంది, అయితే రెండు షరతులు: వైఫై వాడకూడదు, తీగతోనే కనెక్ట్ కావాలి, స్పీడు కనీసం 20 ఎంబీపీఎస్ ఉండాలి. మా కనెక్షన్ 100 ఎంబీపీఎస్‌ది. అయినా అక్క కంప్యూటర్‌లో కంపెనీ స్క్రీన్ తెరుచుకోవడానికే అర నిమిషం, మౌస్ కదిపితే రెండు సెకన్లకు కదలడం. రోజుకు చేయాల్సిన చార్టుల్లో సగం కూడా అయ్యేవి కావు. "నెలాఖరుకు లైను సరిచేసుకో, లేదంటే బెంగళూరు ఆఫీసుకు వచ్చేయ్" అని టీమ్ లీడర్ మెయిల్ పెట్టినాడు. పది నెలల పాపతో బెంగళూరులో హాస్టల్ అయ్యే పని కాదు. ఉద్యోగం మానేయడమే అప్పటికి మిగిలిన దారి. నేను సెలవులకు ఇంటికి పోయేసరికి నెలాఖరుకు తొమ్మిది రోజులు ఉంది.

అప్పటికే ఇంట్లో నాలుగు తీర్పులు వచ్చేసినాయి. కంప్యూటర్ షాపాయన లాన్ కార్డు పోయింది, కొత్తది వేయాలన్నాడంట. చిన్నాయన "బోరు మోటరు వైరు పక్కనే పోతాంది గదా, దానివల్లే" అన్నాడు. జేజి అయితే నేరుగా "గని మిషన్ల వల్లనే ఇదంతా" అనేసింది. మా పక్క ఊళ్లలో బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి గని మీద పెద్ద వివాదమే నడుస్తోంది, అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కానీ ఆ కోపంలో ఈ లాన్ తీగను కూడా కలిపితే రెండూ తేలవు. నాలుగో తీర్పు మా ఎదురింటాయనది: "యూట్యూబ్ బాగానే వస్తాంది కదబ్బీ, మీ అక్క కంపెనీదే ఏదో ఉండాది." ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. తీర్పు తప్పయినా అందులో ఉన్న గమనిక నిజం. చివరికి దానికీ లెక్క కుదిరింది.

మొదట ఒక కాగితం మీద దారి గీసుకోండి. మా ఇంటికి కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వస్తుంది. స్తంభాల మీద ఫైబర్ లాగడం మన రాష్ట్రానికి కొత్త కాదు, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ ప్రాజెక్టు కూడా ఇట్లాగే స్తంభాల మీద నడిచింది. పల్లెల్లో గుంతలు తవ్వే ఖర్చు మిగులుతుంది. ఇంటికొచ్చే ఫైబర్ కింద హాల్లో ఉన్న పెట్టెలోకి పోతుంది. అదే రౌటరు కూడా. దాని నుంచి దాదాపు 35 మీటర్ల లాన్ తీగ గోడ వెంట, మెట్ల పక్కగా మిద్దె మీది గదికి పోతుంది. ఆ గదిలో అక్క కంప్యూటర్. పైన కడప బండలు, మధ్యలో స్లాబు. వైఫై అక్కడికి చచ్చీచెడీ ఒక గీత వస్తుంది, కాబట్టి వైఫై పెట్టుకోమన్న సలహాకు షరతు లేకపోయినా విలువ లేదు.

గీసుకున్నాక దారిని ముక్కలు చేయాలి. ఇంటి బయట ఒక ముక్క, ఇంటి లోపల ఒక ముక్క. కింద రౌటరు పక్కనే నిలబడి నా ల్యాప్‌టాప్‌తో వైఫై మీద కొలిస్తే డౌన్‌లోడ్ 90 దాటింది. అదే సమయంలో, అదే సర్వరుతో, మిద్దె మీద అక్క కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ 10 దాటలేదు. అప్‌లోడ్ మాత్రం 80 పైన! ఇట్లాంటి ఎగుడుదిగుడు కనపడితే రాసిపెట్టుకోవాలి. బయట లైను బాగాలేకపోతే ఇద్దరికీ తగ్గాలి. ఫైబర్‌లో వాడే జీపాన్ పద్ధతిలో దాదాపు 2.5 జీబీపీఎస్‌ను 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే రాత్రిపూట ఇల్లంతా స్లో అవుతుంది, ఒక్క కంప్యూటర్‌ను ఏరి పట్టుకోదు. అంటే జబ్బు ఇంటి లోపలే.

(ఒక చిన్న మాట. ఎంబీపీఎస్‌లో చిన్న బి బిట్లకు, బ్రౌజర్‌లో ఫైలు దిగేటప్పుడు కనిపించేది బైట్లలో. 8తో భాగించాలి. అక్క చూపించిన "380 కేబీ" అంటే దాదాపు 3 ఎంబీపీఎస్. ఈ తేడా తెలియక కస్టమర్ కేర్ వాళ్లతో కొట్లాడేవాళ్లు మన హాస్టల్లోనే చానామంది ఉన్నారు.)

లోపలి ముక్కను పరీక్షించడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి రౌటరు అడ్రసుకు పింగ్ కొడితే చాలు. మా ఇంట్లో అది 192.168.1.1. మామూలు పింగ్ 32 బైట్లు పంపిస్తుంది. 500 సార్లు కొట్టినా, ఒక్కటీ పోలేదు. చాలామంది ఇక్కడే "తీగ బాగుంది" అని ఆగిపోతారు. కానీ నిజంగా సినిమాలు, ఫైళ్లు మోసేవి 1,500 బైట్ల దాకా ఉండే పెద్ద ప్యాకెట్లు. పింగ్ కమాండ్ చివర హైఫన్, ఎల్ అక్షరం, తర్వాత 1400 అని కొడితే పింగ్ కూడా అంత లావవుతుంది. ఎనిమిది నిమిషాలు పైన ఓపిక పడితే 500లో 11 పోయినాయి. 2.2 శాతం.

చిన్నవి ఎందుకు దాటాయి, పెద్దవి ఎందుకు పోయాయి? ప్రాబబిలిటీ చాప్టరే. తీగలో అక్కడక్కడా ఒక్కో బిట్టు తారుమారవుతోందనుకోండి. ఈథర్‌నెట్ ఫ్రేములో ఒక్క బిట్టు చెడినా చివర ఉండే సీఆర్‌సీ లెక్క కుదరదు, మొత్తం ఫ్రేమును పారేస్తారు. పెద్ద పింగ్ ఫ్రేము దాదాపు 1,442 బైట్లు, చిన్నది 74. పెద్దదానిలో 2.2 శాతం పోతుంటే చిన్నదానిలో పోయేది 0.1 శాతం దగ్గర, అంటే 500లో సగం ప్యాకెట్టు. అందుకే కనపడలేదు. ప్యాకెట్టు సైజు పెరిగేకొద్దీ నష్టం పెరిగితే అది సాఫ్ట్‌వేరు లక్షణం కాదు, తీగ మీదో జాక్ మీదో కార్డు మీదో అనుమానం పెట్టుకోవచ్చు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. నూటికి రెండే కదా పోతోంది, 98 చేరుతున్నాయి. మరి స్పీడు నూటికి 98 ఉండాలి గానీ 3 ఎందుకయింది?

దానికి జవాబు 1986 దగ్గర ఉంది. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్క్ కుప్పకూలింది. రెండింటికీ మధ్య దూరం 400 గజాలు. 32 కేబీపీఎస్ రావాల్సింది సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. కారణం రద్దీ: ప్యాకెట్టు పోతే అందరూ మళ్లీ పంపడం, దాంతో ఇంకా రద్దీ. వాన్ జాకబ్సన్ దీన్ని తవ్వి 1988లో ఒక పేపరు రాశాడు. ప్యాకెట్టు పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం చేసుకుని పంపేవాడు వేగం తగ్గించుకోవాలి, మళ్లీ మెల్లగా పెంచుకోవాలి. తీగ చెడిపోయి ప్యాకెట్టు పోవడం బాగా అరుదు అన్న నమ్మకం మీద నిలబడిన పద్ధతి ఇది. మన ఇంటర్నెట్టు ఈరోజు నిలబడి ఉందంటే ఆ ఆలోచన వల్లే. కానీ మా ఇంట్లో ఆ నమ్మకం తిరగబడింది. దారి ఖాళీ, చెడింది తీగ. సర్వరుకు ఆ సంగతి తెలియదు. గుంత కనపడిన ప్రతిచోటా ముందర ట్రాఫిక్ ఆగిందనుకుని బ్రేకు తొక్కే డ్రైవరులా, ప్యాకెట్టు పోయిన ప్రతిసారీ వేగాన్ని సగానికి కోసేస్తుంది.

ఎంత పడిపోతుందో 1997లో మ్యాట్ మ్యాథిస్, ఆయన తోటివాళ్లు ఒక ఫార్ములా ఇచ్చారు. ఒక సెగ్మెంటు సైజును, పోయి వచ్చే సమయంతో భాగించి, నష్టం భిన్నానికి వర్గమూలంతో మళ్లీ భాగించి, 1.22తో గుణించాలి. సెగ్మెంటు 1,460 బైట్లు, అంటే 11,680 బిట్లు. మా ఇంటి నుంచి సర్వరుకు పోయి రావడానికి 30 మిల్లీసెకన్లు. 0.022కు వర్గమూలం 0.148. లెక్క వేయండి: 3.2 ఎంబీపీఎస్. అక్క చూపించిన "380 కేబీ" మీకు గుర్తుందా? ఇంత దగ్గరగా కుదిరిన ఫార్ములా నాకు ఎలక్ట్రోమాగ్నెటిక్స్ ల్యాబ్‌లో కూడా దొరకలేదు. స్పీడ్ టెస్టులో 10 దాకా ఎందుకు వచ్చిందంటే అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది, ఒక్కొక్కటి 3 తెచ్చినా కూడితే పెద్దగా కనిపిస్తుంది.

ఎదురింటాయన యూట్యూబ్ సంగతి కూడా ఇక్కడే తేలింది. గూగుల్ వాళ్లు 2016లో బీబీఆర్ అనే కొత్త పద్ధతి బయటపెట్టి యూట్యూబ్‌లో వాడటం మొదలుపెట్టారు. అది ప్యాకెట్టు పోగానే బెదరదు, దారి వెడల్పును, పోయి వచ్చే సమయాన్ని కొలుచుకుంటూ పోతుంది. పైగా వీడియో ముందే కొంత దాచుకుంటుంది. అందుకే అదే తీగ మీద పాటలు ఆగకుండా వచ్చాయి, అక్క ఉద్యోగం మాత్రం ఆగింది. "యూట్యూబ్ వస్తోంది కదా" అన్నది లైను బాగుందనడానికి సాక్ష్యంగా పనికిరాదు.

ఇక దొంగను పట్టాలి. మోటరు స్విచ్ కట్టేసి 500 పింగులు, వేసి 500 పింగులు. 11, 12. మోటరు నిర్దోషి, చిన్నాయన కాస్త నొచ్చుకున్నాడు. కార్డు సెట్టింగుల్లో స్పీడు, డూప్లెక్స్ చూశాను, "ఆటో"లో ఉంది. దీన్ని వదిలేయకండి. ఎవరైనా ఒకవైపు చేత్తో "100 ఫుల్ డూప్లెక్స్" అని బిగించి, రెండోవైపు ఆటోలో వదిలితే, ఆటో వైపుకు అవతలివాడు ఫుల్ అని తెలిసే వీలుండదు, హాఫ్ డూప్లెక్స్‌లో పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకడు గొడవ అనుకుని ఆగుతాడు, ఇంకోడు ఆగడు. అప్పుడు కూడా అచ్చం ఇట్లాంటి లక్షణాలే ఉంటాయి. మా దగ్గర అది లేదు. కానీ అదే పేజీలో ఒక ఆధారం దొరికింది: లింక్ స్పీడ్ 100. కార్డు గిగాబిట్‌ది, రౌటరు పోర్టు గిగాబిట్‌ది. మరి రెండూ 100కు ఎందుకు ఒప్పుకున్నాయి? 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్‌కు తీగలోని నాలుగు జతల్లో రెండు చాలు, 1-2 పిన్నుల జత, 3-6 పిన్నుల జత. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నాలుగింటిలో ఎక్కడో తేడా ఉంటే కార్డులు కిందికి దిగి 100కు సర్దుకుంటాయి.

కంప్యూటర్ తీసేసి అదే తీగకు నా ల్యాప్‌టాప్ పెట్టాను. అదే 100, అదే నష్టం. తర్వాత కంప్యూటర్‌ను కిందికి మోసుకొచ్చి (అక్క, నేను, మధ్యలో పాప ఏడుపు) మీటరు పొడవు రెడీమేడ్ తీగతో రౌటరుకు కలిపితే లింకు 1 జీబీపీఎస్, డౌన్‌లోడ్ 94. లాన్ కార్డు కొనమన్న డబ్బు మిగిలింది. ఫార్మాట్ తప్పింది. మిగిలింది ఆ 35 మీటర్ల తీగ.

తీగ వేసిన అబ్బాయిని పిలిపించాము. మా చుట్టుపక్కల ఇళ్లకు అతనే వేస్తాడు, పనిమంతుడు. టెస్టరు తెచ్చి రెండు కొసలకూ తగిలించాడు. ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు వరసగా వెలిగినాయి. "సూడన్నా, ఎనిమిదీ వెలిగినాయి. తీగలో ఏం ల్యా." అతను చెప్పింది అబద్ధం కాదు. ఎనిమిది తీగలూ తెగలేదు, వరస మారలేదు.

జాక్ ప్లాస్టిక్ పారదర్శకంగా ఉంటుంది కదా, వెలుతురులో పెట్టి రంగులు చదివాను. ఆరెంజ్ చారల తెల్లది, ఆరెంజ్, గ్రీన్ చారలది, గ్రీన్, బ్లూ చారలది, బ్లూ, బ్రౌన్ చారలది, బ్రౌన్. రెండు కొసల్లోనూ ఇదే. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! జతకు జత పక్కపక్కన. కానీ ఉండాల్సిన వరసలో నాలుగోది బ్లూ, ఐదోది బ్లూ చారలది, ఆరోది గ్రీన్. అంటే గ్రీన్ జత బ్లూ జతకు అటూ ఇటూ కాళ్లు చాపుకుని 3, 6 పిన్నుల్లో కూర్చోవాలి. ఈ వంకర వరస ఎందుకంటే, 1991 నాటి స్టాండర్డులో మధ్య రెండు పిన్నులను టెలిఫోను జతకు సరిపోయేటట్టు ఉంచారు, రెండో జత దాన్ని చుట్టుకుంది. ఆ పాత టెలిఫోను మర్యాదను మన కంప్యూటర్లు ఇంకా పాటిస్తున్నాయి.

మా తీగలో 3వ పిన్నుకు గ్రీన్ చారలది, 6వ పిన్నుకు బ్లూ వచ్చాయి. ఒకే సిగ్నలు వేర్వేరు మెలికల్లోని రెండు తీగల్లో పోతోంది. కరెంటు పోతుంది కాబట్టి టెస్టరు లైటు వెలుగుతుంది. మెలిక సంగతి దానికి తెలియదు. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు.

మెలిక ఎందుకో అతనికి ఇట్లా చెప్పాను. జాతరలో ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఫోన్లలో రికార్డు చేస్తున్నారనుకో. మైకు మోత ఇద్దరికీ ఒకేలా పడుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మోత పోయి, ఇద్దరి దగ్గర వేరేగా ఉన్న మాట మిగులుతుంది. రిసీవరు చేసేది ఆ తీసివేతే. పగ్గం పేనినట్టు రెండు తీగలను మెలేస్తే బయటి రొద రెండింటికీ సమానంగా పడుతుంది. గ్రాహంబెల్ 1881లో టెలిఫోను తీగలకు పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. ఇప్పుడు ఒకణ్ణి గుడి దగ్గర, ఇంకొకణ్ణి బస్టాండులో నిలబెట్టి తీసివేస్తే ఏం మిగులుతుంది? రెండు రొదలూ మిగులుతాయి. మా 3-6 జత పరిస్థితి అదే. కంప్యూటర్ మామూలుగా వినేది ఆ జత మీద, పంపేది 1-2 జత మీద. ఆరెంజ్ జత సరిగ్గానే ఉంది, కాబట్టి అప్‌లోడ్ బాగుంది. మొదటిరోజు రాసిపెట్టుకున్న ఎగుడుదిగుడు ఇక్కడ తీరింది.

రెండు జాక్‌లూ కత్తిరించి కొత్తవి వేశాము. మెలిక విప్పేది అర అంగుళం దాటకుండా చూసుకోవాలి, అందంగా రావాలని రెండు అంగుళాలు విప్పితే ఆ మేరకు మళ్లీ అదే జబ్బు. క్రింపింగ్ అతనే చేశాడు, నాకంటే చెయ్యి బాగా తిరిగినవాడు. లింకు 1 జీబీపీఎస్‌కు ఎక్కింది. 500 పెద్ద పింగుల్లో ఒక్కటీ పోలేదు. డౌన్‌లోడ్ 94. అక్క ఆ రాత్రి స్పీడ్ టెస్టు ఫోటో టీమ్ లీడర్‌కు పంపి, పాపను జేజికి ఇచ్చి, మిగిలిపోయిన చార్టుల మీద కూర్చుంది. నెలాఖరుకు ఇంకా అయిదు రోజులుంది.

ఆ అబ్బాయి మాత్రం ఇంటికి పోలేదు. "అన్నా, నేను ఈ వరసతోనే శానా ఇండ్లకు కొట్టినానే. వాళ్లెవరూ ఏమీ అనలేదు గదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మరుసటి ఆదివారం ఇద్దరం బండి మీద మూడు ఇళ్లకు పోయాము. ఒకచోట నాలుగు మీటర్ల తీగ, టీవీకి. అదే తప్పు వరస, అయినా 500లో సున్నా. పొట్టి తీగలో రొద కూడటానికి చోటు చాలదు, సిగ్నలు కూడా బలంగానే చేరుతుంది, 100 మీద నడిచిపోతుంది. గిగాబిట్ కావాలన్న రోజు ఇబ్బంది పెడుతుంది. రెండో ఇంట్లో 20 మీటర్లు, 500లో 3 పోయాయి. ఆ ఇంటి పిల్లోడు ఆన్‌లైన్ క్లాసు ఆగుతోందని నెల నుంచి మొత్తుకుంటున్నాడంట, వాళ్లు కొత్త రౌటరు కొందామనుకుంటున్నారు. మూడో ఇంటికి తాళం వేసి ఉంది.